ఊరికే కూర్చోవడం

డెన్వర్ డౌన్‌టౌన్‌లో పదహారో వీధి బస్సుకి టికెట్ లేదు. 1982 అక్టోబర్‌లో మొదలైన రోజు నుంచీ లేదు. దారి పొడవునా ఆగుతూ పోతుంది. ఎక్కొచ్చు, దిగొచ్చు, ఎక్కడికని అడిగేవాళ్ళుండరు. 2018లో మా నాన్న వచ్చి ఐదు నెలలు మా దగ్గరున్నప్పుడు, అమెరికా మొత్తం మీద ఆయనకి బాగా నచ్చింది ఈ బస్సు. "ఇంత ధర్మానికి తిప్పుతున్నారంటే ఎక్కడో మెలిక ఉంటుందిరా," అన్నాడు మొదటిరోజు. మెలికేమీ లేదని చెప్పాను. ఏడేళ్ళయింది. ఆ జవాబు నేను ఆలోచించి చెప్పింది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

నాన్న రేపల్లె దగ్గర ఒక పల్లెటూరివాడు. విద్యుత్తు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఊళ్ళు తిరిగిన మనిషి. మా ఇల్లేమో డెన్వర్‌కి దక్షిణాన ఒక శివారులో. గుమ్మం దాటితే ఇళ్ళు, అవి దాటితే మళ్ళీ ఇళ్ళు. టీకొట్టు లేదు, గుడి మెట్లు లేవు. వారం తిరిగేసరికి, "నన్ను కూడా నీతో ఆఫీసుకి తీసుకుపో," అన్నాడు. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు ఇద్దరం లైట్ రైలెక్కి డౌన్‌టౌన్ వచ్చేవాళ్ళం. నేను పదిహేడో వీధిలో ఆఫీసులోకి పోయేవాణ్ణి, ఆయన పక్క వీధిలోకి. సాయంత్రం నాలుగున్నరకి గడియారం గోపురం కింద కలుసుకోవాలని ఒప్పందం.

ఆ వీధి చూడనివాళ్ళకి కొంత చెప్పాలి. పొడవు మైలుంబావు ఉంటుంది. ఒక కొసన సివిక్ సెంటర్, దాని వెనక రాష్ట్ర శాసనసభ బంగారు గుమ్మటం. రెండో కొసన యూనియన్ స్టేషన్, రైళ్ళు. కార్లని రానివ్వరు. ఐ. ఎం. పే కంపెనీలో హెన్రీ కాబ్ దీనికి రూపం ఇచ్చాడు. చెట్ల సంగతీ, ఆరుబయలు సంగతీ లారీ ఓలిన్ చూశాడు. నేలంతా ఎరుపు, బూడిద, ముదురు బూడిద రంగుల గ్రానైట్ పలకలు. ఎండు నేలల్లో తిరిగే రాటిల్‌స్నేక్ వీపు మీది డైమండు గుర్తుల్లా వాటిని పేర్చారు. మేడ మీంచి చూస్తే ఊరి మధ్య ఒక పెద్ద పాము ఎండకి పడుకున్నట్టు ఉంటుంది.

ఇంత అందంగా కట్టింది షికార్ల కోసమే కాదు. 1970లలో శివారుల నుంచి వచ్చే బస్సులు డౌన్‌టౌన్ వీధుల్లోకి దూరి, ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని నిలబడిపోయేవి. అందుకని వాటిని ఈ వీధి రెండు కొసల దగ్గరే స్టేషన్లు కట్టి ఆపేశారు. అక్కడ దిగిన జనాన్ని ఆఫీసుల దాకా చేరవెయ్యడానికి మధ్యలో ఉచిత బస్సు పెట్టారు. బస్సు మారినందుకు మళ్ళీ డబ్బులడిగితే జనం ఒప్పుకోరు కదా. కాబట్టి ఆ ఉచితం దయ కాదు, లెక్క. మనుషుల్ని నిలవకుండా తోసే యంత్రం ఆ వీధి. చెట్లూ, బెంచీలూ, రాతి పలకలూ ఆ యంత్రం చుట్టూ అమర్చినవి.

నాన్నకి ఈ లెక్క తెలీదు. ఆయన దాన్ని వీధిలాగే వాడుకున్నాడు. గోపురానికి దగ్గర్లో ఒక బెంచీ చూసుకున్నాడు. అది డి అండ్ ఎఫ్ టవర్. వెనిస్‌లో సెయింట్ మార్క్ గంటగోపురాన్ని చూసి 1910 ప్రాంతంలో కట్టింది. పొద్దున ఆ బెంచీ మీద కూర్చుని పదకొండింటి దాకా వచ్చేపోయేవాళ్ళని చూసేవాడు. ప్లాస్టిక్ కవరులో నీళ్ళ సీసా, పులిహోర డబ్బా. సెప్టెంబర్ వచ్చేసరికి చలి మొదలై స్వెట్టరూ, మంకీ క్యాపూ తోడయ్యాయి. మధ్యాహ్నం బస్సెక్కి ఆ కొసకీ ఈ కొసకీ నాలుగు తిరుగుళ్ళు తిరిగి మళ్ళీ బెంచీకి వచ్చేవాడు. అక్కడ ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా రోజూ కూర్చునేవాళ్ళు. ఒకాయన దగ్గర మూడు సంచులూ, చుట్టిన దుప్పటీ ఉండేవి. ఆయనా నాన్నా ఒకరి భాష ఒకరికి రాకుండానే చెయ్యెత్తి పలకరించుకునేవాళ్ళు.

సెప్టెంబర్ నెలాఖర్లో ఒకరోజు నేను వెళ్ళేసరికి నాన్న బెంచీ దగ్గర లేడు. వీధికి అవతలి పక్కన నిలబడి ఉన్నాడు. రైల్లో కూర్చున్నాక చెప్పాడు. ఒక సెక్యూరిటీ గార్డు వచ్చి ఏదో అడిగాడట. రెండోసారి అడిగితే అర్థమైందట, ఎవరికోసం చూస్తున్నావని. "మై సన్," అని మా ఆఫీసు మేడ వైపు వేలు చూపించాడట. గార్డు మర్యాదగా తలూపి వెళ్ళిపోయాడు. పక్కనున్న సంచుల ఆయన్ని కూడా అదే అడిగాడు. ఆయన దగ్గర చూపించడానికి మేడ లేదు. లేచి వెళ్ళిపోయాడు.

"మరి నువ్వెందుకు లేచావు? నిన్నేమీ అనలేదుగా," అన్నాను.

"అబద్ధం చెప్పానురా," అన్నాడు నాన్న. "అప్పటికి పన్నెండే అయింది. నీకోసం చూడ్డమేంటి? నేను ఊరికే కూచున్నాను. ఊరికే కూచున్నానని చెప్పడానికి భయమేసింది."

నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపంలో, "మన ఊళ్ళో అయితే ఎవడన్నా ఇట్లా అడుగుతాడా? రచ్చబండ మీద ఎవరైనా కూచోవచ్చు," అన్నాను. బయటి దేశాల్లో ఉండేవాళ్ళకి ఊరు ఇట్లాంటప్పుడే గుర్తొస్తుంది.

నాన్న నవ్వాడు. "ఎవరైనానా?" అన్నాడు. రెండు స్టేషన్లు దాటాక మళ్ళీ తనే అందుకున్నాడు. "నా చిన్నతనంలో మాలపల్లె నుంచి వచ్చినవాడు ఆ బండ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాడు. కూచోడం ఎక్కడిది? నేను ఆ బండ మీద కూచున్నవాణ్ణి. నన్నెవడూ ఎప్పుడూ ఏమీ అడగలా. కూచుంటే అడుగుతారని ఇవాళ్టి దాకా నాకు తెలీనే తెలీదు."

నేను ఇంకేమీ అనలేదు. అనకపోవడానికి ఆ మాట ఒక్కటే కారణం కాదు. అదే సంవత్సరం, నాన్న రాకముందు, మా ఆఫీసు భవనం వాళ్ళు ఒక సర్వే పంపారు. చుట్టుపక్కల వీధుల్ని మెరుగుపరచడానికి ఉద్యోగుల అభిప్రాయాలట. మీరు ఆ వీధిలో ఎక్కువసేపు గడపకపోవడానికి కారణం ఏమిటి అన్నది ఒక ప్రశ్న. మీటింగుకి రెండు నిమిషాలుంది. "రోజంతా బెంచీల మీద ఊరికే కూర్చునేవాళ్ళు. బెంచీలు తగ్గించి గస్తీ పెంచితే బావుంటుంది," అని రాసి పంపేశాను. నా జవాబు వల్లే ఆ గార్డు వచ్చాడని చెప్పలేను. కానీ ఆ జవాబులో నేను అడిగింది ఆ గార్డునే. నేను రాసిన మనిషికి సంచులున్నాయి, దుప్పటి ఉంది. మంకీ క్యాపూ, ప్లాస్టిక్ కవరూ ఉన్న మనిషి కూడా దూరం నుంచి అట్లాగే కనిపిస్తాడని నాకు తట్టలేదు.

మా నాన్నకి జరిగింది కాబట్టి నొచ్చుకున్నాను. ఆయన పక్కనున్నాయనకి రోజూ జరుగుతున్నా నాకు పట్టలేదు. అందుకని నా నొప్పిని పక్కన పెట్టి ప్రశ్నని విడిగా చూడాలి. అందరిదీ అని చెప్పుకునే చోట మనిషి ఉండటానికి కారణం చెప్పాలా?

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. ఆ డౌన్‌టౌన్ వ్యాపార ప్రాంతంలో పొద్దున 7 నుంచి రాత్రి 9 దాకా దారి మీద కూర్చోవడం, పడుకోవడం నిషిద్ధం. బెంచీ మీద కూర్చుంటే తప్పు కాదు, నేల మీద కూర్చుంటే తప్పు. ఇది తెలిశాక నా సర్వే జవాబు నాకు వేరేగా వినపడింది. నేల మీద కూర్చోకూడదని చట్టం చెప్పిన చోట బెంచీలు తగ్గించమనడం అంటే కూర్చోవడాన్నే తగ్గించమనడం. 2012లో నగరం ఆరుబయట మకాం వెయ్యడాన్ని నిషేధించింది. ఆ చట్టం ప్రకారం గుడారమే కానక్కర్లేదు, ఒంటిమీది బట్టలు కాక కప్పుకునే దుప్పటి కూడా ఆశ్రయం కిందికే వస్తుంది. 2019లో దాన్ని ఎత్తెయ్యాలని ఒక ప్రతిపాదన ఓటుకొస్తే, ఓటేసిన ప్రతి ఐదుగురిలో నలుగురు వద్దన్నారు. నేను నగరం హద్దుల్లో ఉండను కాబట్టి నాకు ఓటు లేదు. సర్వేకి జవాబు రాసే హక్కు మాత్రం ఉంది. ఆ వీధిలోనే ఇరవైనాలుగు గంటలూ ఉండే మనిషికి ఆ సర్వే రాదు.

జెరెమీ వాల్డ్రన్ అనే న్యాయతత్త్వవేత్త 1991లో ఇల్లు లేనివాళ్ళ స్వేచ్ఛ గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన వాదం చాలా తేలిక. మనిషి ఏ పని చేసినా ఎక్కడో ఒకచోట చెయ్యాలి. సొంత చోటు ఉన్నవాడు అక్కడ చేసుకుంటాడు. లేనివాడికి మిగిలింది అందరి చోటు. అందరి చోటులో పడుకోకూడదు, కూర్చోకూడదు అంటే, అతనికి ఆ పనులు ఈ భూమ్మీద ఎక్కడా చెయ్యకూడదని చెప్పినట్టే. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆరుబయట పడుకున్నవాళ్ళని నగరాలు శిక్షించవచ్చని 6-3 తేడాతో తీర్పిచ్చింది. తీర్పు రాజ్యాంగం సంగతి తేల్చింది. వాల్డ్రన్ ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది.

అవతలి పక్షాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. మా టీంలో ఒకమ్మాయి చీకటి పడ్డాక సివిక్ సెంటర్ వైపు నడవదు. ఒకసారి ఒకతను అరుస్తూ రెండు బ్లాకుల దూరం ఆమె వెంటపడ్డాడు. నేను నాన్న కథ చెబితే ఆమె శ్రద్ధగా విని, "మీ నాన్నగారు బెంచీ మీద నిశ్చింతగా కూర్చోగలిగారు. నేను ఆ వయసొచ్చినా కూర్చోలేనేమో," అంది. 2025 జనవరిలో ఆ వీధిలో వరసగా కత్తిపోట్లు జరిగి ఇద్దరు చనిపోయారు. భయం అబద్ధం కాదు. భయపడేవాళ్ళు లేని వీధి కావాలనుకోవడం తప్పూ కాదు. ఆమె లేని వీధి కూడా అందరి వీధి కాదు.

కానీ ఆమె వెంటపడ్డవాడు చేసిన పని ఒకటుంది. సంచుల ఆయన చేసిన పని ఏమీ లేదు. ఒకడు చేసినదానికి, అతనిలా కనపడే ఇంకొకణ్ణి లేపడం మనకి కొత్త కాదు, మన ఊళ్ళ చరిత్రంతా అదే. గార్డు ఉండొచ్చు. ఉండాలి కూడా. అతను ఏం చేస్తున్నావని చూడాలా, ఎందుకున్నావని అడగాలా అన్నదే నా తగువు. మొదటిదానికి ఎవరైనా జవాబుదారీయే. రెండోదానికి సరైన జవాబు చెప్పగలిగేది చూపించడానికి మేడ ఉన్నవాడే.

బెంచీ తీసెయ్యడం గార్డుని పంపడం కన్నా మెత్తని పనిలా కనపడుతుంది. నిజానికి అదే ఎక్కువ కఠినం అనిపిస్తుంది నాకు. గార్డు ఎదుటి మనిషి మొహం చూడాలి, ఒక మాట అనాలి, ఒక జవాబు వినాలి. మా నాన్న విషయంలో అతను తలూపి వెళ్ళాడు కూడా. బెంచీ తీసేస్తే ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఎవరు లేపారో లేచినవాడికి తెలీదు, తను లేపానని లేపినవాడికీ తెలీదు. నేను రెండు నిమిషాల్లో చేసిన పని అట్లాంటిదే.

డెన్వర్‌లో ఇది ఇంతకుముందూ జరిగింది. నాన్న కూర్చున్న గోపురానికి ఒకప్పుడు కింద పెద్ద బట్టల దుకాణం ఉండేది. స్కైలైన్ పేరుతో 1967లో ఓటర్లు ఒప్పుకున్న పునర్నిర్మాణంలో దాదాపు 30 బ్లాకులు నేలమట్టం చేశారు. దుకాణం పోయింది, గోపురం ఒక్కటే మిగిలింది. లారిమర్ వీధి వైపు చవక లాడ్జీలు ఉండేవి. తోడు లేని ముసలివాళ్ళు, కూలిపనులు చేసుకునేవాళ్ళు రోజు అద్దెకి ఉండేవాళ్ళు. డానా క్రాఫర్డ్ అనే ఆవిడ పట్టుబట్టి ఆ వీధిలో ఒక బ్లాకుని కూల్చనివ్వకుండా కాపాడింది. భవనాలు మిగిలాయి, ఇవాళ అక్కడ మంచి రెస్టారెంట్లున్నాయి. లాడ్జీల మనుషులు మిగల్లేదు. గోపురం పక్కనే 1970లలో లారెన్స్ హాల్ప్రిన్ ఒక తోట చేశాడు. కార్ల రొద వినపడకుండా నేలకన్నా పల్లంగా, మెట్లు దిగి కూర్చునేట్టు. ముప్ఫై ఏళ్ళు గడవకముందే ఆ పల్లాన్ని చాలావరకు పూడ్చేశారు. వీధిలోంచి కనపడకుండా జనం కూర్చుంటున్నారన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ప్రశాంతంగా కూర్చోవడానికి చేసినదే దానికి నేరమైంది.

విలియమ్ వైట్ అనే ఆయన న్యూయార్క్ కూడళ్ళలో కెమెరాలు పెట్టి జనం ఎక్కడ కూర్చుంటారో ఏళ్ళ తరబడి గమనించి 1980లో పుస్తకం వేశాడు. ఆయన తేల్చిన వాటిలో రెండు విషయాలు ఇక్కడ పనికొస్తాయి. కూర్చునే చోటుంటే జనం కూర్చుంటారు. అక్కర్లేనివాళ్ళు వస్తారన్న భయంతో కూర్చునే చోట్లు పాడుచేస్తే, మామూలు జనం రావడం మానేస్తారు, చోటు మరీ ఖాళీ అయి భయం ఇంకా పెరుగుతుంది. వీధిని కాపాడేది వీధిలో ఉన్న జనమే. అంటే మా నాన్నలాంటివాళ్ళు పదిమంది కూర్చుంటేనే మా టీంలో అమ్మాయికి ధైర్యం.

2022లో ఆ వీధిని తవ్వడం మొదలుపెట్టారు. నేల కింద పైపులు, పైన వదులైన పలకలు, అన్నీ మార్చాలన్నారు. మూడేళ్ళకి పైగా కంచెలే. 2025లో పేరులోంచి "మాల్" అన్న మాట తీసేశారు, ఇప్పుడది ఉత్త పదహారో వీధి. ఆ అక్టోబర్‌లో పని పూర్తయింది. బస్సు దారులు రెండూ మధ్యకి జరిపారు, పక్కలు వెడల్పయ్యాయి, పిల్లలు ఎక్కి ఆడుకునే బొమ్మలు వచ్చాయి. పాము గుర్తులు మళ్ళీ వేశారు. జనం గబగబా దాటిపోకుండా కాసేపు నిలవాలన్నది ఇప్పుడు నగరం కోరిక. వెడల్పైన చోట్లో చాలా కుర్చీలున్నాయి. చాలావాటి వెనక మెనూ కూడా ఉంది.

పని పూర్తయిన నెలలోనే ఒక శనివారం వెళ్ళాను. కాఫీ కొనకుండా, ఫోను తియ్యకుండా గంటసేపు కూర్చుందామనుకున్నాను. పది నిమిషాలకే చేతులేం చెయ్యాలో తోచలేదు. ఎవరికోసమో చూస్తున్నట్టు రెండుసార్లు గడియారం చూసుకున్నాను. ఎవరూ అడక్కుండానే నాకు నేనే కారణం తయారుచేసుకుంటున్నానని అప్పుడర్థమైంది.

పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ ఉంది. కాళ్ళ మీద దుప్పటి, పక్కన చక్రాల పెట్టె. కాసేపటికి ఒక గార్డు వచ్చి ఆవిడతో మెల్లగా ఏదో అన్నాడు. ఆవిడ దుప్పటి మడిచింది. అతను నా ముందు నుంచే వెళ్ళాడు. "హౌ ఆర్ యూ డూయింగ్, సర్," అన్నాడు. బావున్నానన్నాను. నేనూ ఊరికే కూర్చున్నానని చెప్పాల్సింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు.

ఆవిడ పెట్టె ఈడ్చుకుంటూ వెళ్ళి, వచ్చిన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. టికెట్ అడిగేవాళ్ళు లేరు. పది నిమిషాల్లో ఆ కొస వస్తుంది. అక్కడ అందరూ దిగాలి.